పాత డ్యుయల్ ప్రాసెసర్ బోర్డుల ఓవర్‌క్లాకింగ్: స్పీడ్ ఆగేది మెమరీ దగ్గరే

క్లుప్తంగా: రెండు ప్రాసెసర్లున్న పాత సర్వర్ బోర్డుని ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే తయారీదారు పెట్టినదానికంటే ఎక్కువ వేగంతో నడిపితే, వేగం పెరిగేది ప్రాసెసర్లకు మాత్రమే కాదు. ప్రాసెసర్లు, మెమరీ, వాటి మధ్య లింకులు అన్నీ బోర్డు మీది ఒకే క్లాక్ నుంచి నడుస్తాయి. క్లాక్ పెంచితే అన్నీ కలిసి పెరుగుతాయి. నిష్పత్తులు సరిగ్గా ఎంచుకుంటే మెమరీని దాని హద్దులోనే ఉంచి ప్రాసెసర్లను ముందుకు నడిపించవచ్చు. కానీ చాలా సర్వర్ బోర్డుల బయోస్‌లో (బోర్డు సెట్టింగులు ఉండే ప్రోగ్రామ్‌లో) ఆ నిష్పత్తులు మార్చే వీలే ఉండదు. అలాంటి బోర్డుల్లో ఓవర్‌క్లాకింగ్ కంటే ర్యామ్ స్టిక్కులను సరైన స్లాట్లలో పెట్టడం వల్ల కలిగే లాభమే ఎక్కువ.

పాత జియాన్ల మీద మళ్లీ ఆసక్తి ఎందుకు

2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్ల నుంచి గిరాకీ పెరగడంతో మెమరీ కంపెనీలు అటువైపే మొగ్గాయి. దాంతో డీడీఆర్5తో పాటు డీడీఆర్4 కూడా ప్రియమైంది. అదే ఏడాది అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. కొత్త మెషీన్ కొనాలంటే ఖర్చు ఎక్కువ, పాతదాన్ని పారేయడానికి మనసు ఒప్పదు. ఈ పరిస్థితిలో చాలామంది కన్ను డేటా సెంటర్లు, ఆఫీసుల నుంచి బయటికొచ్చిన డ్యుయల్ జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు రెండేసి ఉన్న) వర్క్‌స్టేషన్ల మీద పడుతోంది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి సెకండ్ హ్యాండ్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇవి దొరుకుతాయి. వీటిలో చాలావాటికి పట్టే డీడీఆర్3 రిజిస్టర్డ్ ర్యామ్ (సర్వర్ల కోసం చేసిన రకం) మామూలు డెస్క్‌టాప్‌లకు పనికిరాదు కాబట్టి ధర తక్కువ.

కొన్నాక వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. కోర్లు చాలా ఉన్నాయి కానీ ఒక్కో కోర్ వేగం తక్కువ, దీన్ని పెంచలేమా? దానికి జవాబు బోర్డు ఏ తరానిదో, దాని క్లాక్ ఏయే భాగాలకు వెళ్తుందో తెలిస్తేగానీ దొరకదు.

ఒకే క్లాక్, అనేక నిష్పత్తులు

పాత రైస్ మిల్లులో ఒకే మోటారు షాఫ్ట్ నుంచి బెల్టుల ద్వారా నాలుగైదు యంత్రాలు తిరిగేవి. మోటారు వేగం పెంచితే అన్నీ వేగంగా తిరుగుతాయి. ఒకదాన్ని మాత్రం పాత వేగంలోనే ఉంచాలంటే దాని పుల్లీ సైజు మార్చాలి. మదర్‌బోర్డు మీద క్లాక్ జనరేటర్ ఆ మోటారు లాంటిది. ప్రాసెసర్ మల్టిప్లయర్, మెమరీ రేషియో, లింక్ రేషియో అన్నవి పుల్లీలు. క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో ఇవి చెబుతాయి. ఇంటెల్ అమ్మే చాలా జియాన్లలో ప్రాసెసర్ మల్టిప్లయర్ పైకి పెంచకుండా తాళం వేసి ఉంటుంది. కాబట్టి మిగిలిన దారి క్లాక్ పెంచడమే. క్లాక్ పెంచినప్పుడు మిగతా పుల్లీలను మార్చే వీలుందా లేదా అన్నదాని మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ 1999లో వచ్చిన అబిట్ బీపీ6 బోర్డు. రెండు సెలెరాన్లను (ఇంటెల్ చవక రకం ప్రాసెసర్లను) ఎలాంటి మార్పులూ చేయకుండా పక్కపక్కనే నడిపిన బోర్డుగా దానికి పేరు. సెలెరాన్ 366 మల్టిప్లయర్ 5.5, బస్ (ప్రాసెసర్‌ని బోర్డుతో కలిపే దారి) 66 మెగాహెర్ట్జ్. బస్‌ని 100కి పెంచితే ప్రాసెసర్ 550 మెగాహెర్ట్జ్‌కి చేరుతుంది. అంటే ఒకేసారి యాభై శాతం పెరుగుదల. అంత పెంచినా బోర్డు తట్టుకోవడానికి కారణం దాని మీదున్న 440బీఎక్స్ చిప్‌సెట్‌ని (ప్రాసెసర్, మెమరీ, కార్డుల మధ్య డేటా నడిపే చిప్‌ని) 100 మెగాహెర్ట్జ్ బస్ కోసమే తయారు చేయడం. 66 దగ్గర పీసీఐకి (అదనపు కార్డులు, డిస్కులకు వెళ్లే దారికి) బస్‌లో సగం ఇచ్చిన చిప్‌సెట్, 100 దగ్గర మూడో వంతు ఇస్తుంది. రెండు చోట్లా పీసీఐ 33 మెగాహెర్ట్జ్ దగ్గరే నిలుస్తుంది. చిక్కు 83 లాంటి మధ్య అంకెల దగ్గర వచ్చేది. అందులో సగం అంటే పీసీఐ 41.5 మెగాహెర్ట్జ్ మీద నడవాలి, అక్కడ హార్డ్ డిస్కులోని డేటా పాడయ్యే ప్రమాదం ఉండేది. తక్కువ పెంపు ప్రమాదకరంగానూ, ఎక్కువ పెంపు సురక్షితంగానూ మారిన విచిత్రమైన సందర్భం అది.

ఆ బోర్డులో మెమరీ బస్ వేగంతోనే నడిచేది. పీసీ66 ర్యామ్ పెట్టినవాళ్లకు 100 దగ్గర మెషీన్ సాధారణంగా ఆన్ అయ్యేది కాదు, పీసీ100 ర్యామ్ పెడితే అంతా మామూలే. ప్రాసెసర్‌ని హద్దు దాటించాలంటే మెమరీని హద్దులోనే ఉంచాలన్న సూత్రం తర్వాతి తరాల్లోనూ మారలేదు, లెక్క మాత్రమే క్లిష్టమైంది.

ఎల్‌జీఏ 771: బస్ ఎంతో మెమరీ అంతే

2006 నుంచి వచ్చిన జియాన్ 5100, 5300, 5400 సిరీస్‌లు ఎల్‌జీఏ 771 సాకెట్‌వి. వీటిలో ఒక్కో ప్రాసెసర్‌కి సొంతంగా ఒక ఫ్రంట్ సైడ్ బస్ ఉంటుంది. మెమరీ మాత్రం రెండింటికీ కలిపి చిప్‌సెట్ దగ్గరే ఉంటుంది. 1333 బస్ అంటే అసలు క్లాక్ 333 మెగాహెర్ట్జ్. అది ఒక్కో చక్రానికి నాలుగు సార్లు డేటా పంపుతుంది. ఎనిమిది బైట్ల వెడల్పుతో ఒక బస్‌కి సెకనుకు 10.6 గిగాబైట్లు, రెండింటికీ కలిపి 21.3. అటువైపు డీడీఆర్2-667 మెమరీ అసలు క్లాక్ కూడా 333 మెగాహెర్ట్జే. ఒక ఛానల్‌కి (మెమరీకి వెళ్లే ఒక్కో దారికి) 5.3 గిగాబైట్లు, నాలుగు ఛానళ్లకి 21.3. రెండు వైపులా అంకెలు సరిగ్గా సరిపోవడం యాదృచ్ఛికం కాదు, ఇంటెల్ 5000 చిప్‌సెట్‌ని అలాగే డిజైన్ చేశారు.

ఈ లెక్క చూస్తే ఇలాంటి మెషీన్లలో తరచూ కనిపించే లోపం తెలిసిపోతుంది. నాలుగు ఛానళ్ల బోర్డులో రెండే స్టిక్కులు ఉంటే ప్రాసెసర్లకు అందే బ్యాండ్‌విడ్త్ (సెకనుకు అందే డేటా) సగానికి పడిపోతుంది. అలాంటి మెషీన్‌లో బస్‌ని అయిదు శాతం పెంచడం కోసం కుస్తీ పట్టడం కంటే ఇంకో రెండు స్టిక్కులు కొనడం మేలు.

ఈ తరంలో వేగం పెంచడానికి మూడు దారులు వాడుకలోకి వచ్చాయి. మొదటిది అందుకోసమే తయారైన బోర్డు. 2008లో ఇంటెల్ స్కల్‌ట్రెయిల్ పేరుతో తెచ్చిన డీ5400ఎక్స్ఎస్‌లో రెండు క్యూఎక్స్9775 ప్రాసెసర్లు పట్టేవి. వాటి మల్టిప్లయర్‌కి తాళం లేదు కాబట్టి బస్‌ని, మెమరీని కదపకుండానే ప్రాసెసర్ వేగం పెంచుకోవచ్చు. ఇది మినహాయింపు, ధర కూడా అలాగే ఉండేది.

రెండో దారి ప్రాసెసర్ అడుగున బీసెల్ పిన్నులు (బస్ వేగాన్ని ఎంచే కాంటాక్టులు) ఇచ్చే సంకేతాన్ని మార్చడం. తనకు ఏ బస్ కావాలో ప్రాసెసర్ బోర్డుకి చెప్పేది ఆ పిన్నుల ద్వారానే. ఈ5320 చిప్ 1066 బస్ అడుగుతుంది. దాని మల్టిప్లయర్ 7, వేగం 1.86 గిగాహెర్ట్జ్. పిన్నుని మార్చి అది 1333 అడిగేలా చేస్తే వేగం 2.33 గిగాహెర్ట్జ్‌కి చేరుతుంది. ఇక్కడ గమనించాల్సింది చిప్‌సెట్ సంగతి. దాని దృష్టిలో 1333 మామూలు వేగమే. బూట్ అయ్యేటప్పుడే అది 333 క్లాక్‌కి తగిన మెమరీ టైమింగులు వేసుకుంటుంది. 667 స్టిక్కులుంటే అవి రాసినంత వేగంతోనే నడుస్తాయి. అంటే హద్దు దాటింది ప్రాసెసర్ మాత్రమే, బోర్డులో మిగతావన్నీ తమ తమ హద్దుల్లోనే ఉన్నాయి. చూడటానికి మొరటుగా ఉన్నా ఇంజినీరింగ్ పరంగా మూడింటిలో ఇదే శుభ్రమైన పద్ధతి. అయితే పిన్నుల పని చేతికి అలవాటు లేనివాళ్లు సాకెట్‌ని పాడుచేసుకునే అవకాశం ఉంది.

మూడోది సెట్ఎఫ్ఎస్‌బీ లాంటి సాఫ్ట్‌వేర్. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుండగానే ఇది క్లాక్ జనరేటర్ చిప్‌కి నేరుగా ఆదేశాలు పంపి క్లాక్ మారుస్తుంది. మెమరీ నిష్పత్తి బూట్ సమయంలోనే ఖాయమైపోయి ఉంటుంది కాబట్టి ఇక్కడ మెమరీ కూడా వెంట వస్తుంది. 333ని 350 చేస్తే 667 మెమరీ 700 అవుతుంది. ఈ తరం వాడే ఎఫ్‌బీ-డిమ్ స్టిక్కుల మీద సీరియల్ లింక్ కూడా మెమరీ వేగానికి ఆరు రెట్లతో నడుస్తుంది. అది 4 నుంచి 4.2 గిగాబిట్లకు పెరుగుతుంది. ప్రాసెసర్‌లో ఇంకా సత్తా ఉన్నా ఈ లింక్ ముందే చేతులెత్తేస్తుంది. ఈ పద్ధతిలో అయిదారు శాతం దాటాక మెషీన్ హ్యాంగ్ అవుతుంటే ప్రాసెసర్ వోల్టేజీని అనుమానించే ముందు మెమరీని చూడాలి.

ఎఫ్‌బీ-డిమ్‌లకు ఇంకో సమస్య వేడి. ప్రతి స్టిక్ మధ్యలో ఒక బఫర్ చిప్ ఉంటుంది. ర్యామ్ చిప్‌లు వాడే కరెంటుకి అదనంగా అదొక్కటే నాలుగైదు వాట్లు తింటుంది. ఎనిమిది స్టిక్కులంటే నలభై వాట్ల దాకా వేడి, అదీ ఫ్యాన్ లేని మూల. సర్వర్ కేసులో జోరుగా గాలి కొట్టే ఫ్యాన్లను తీసేసి, శబ్దం లేని కేసులోకి బోర్డుని మార్చినప్పుడు మొదట తప్పులు చేసేవి ఈ స్టిక్కులే.

ఎల్‌జీఏ 1366: లెక్క కుదిరే తరం

2009లో జియాన్ 5500, 2010లో 5600 సిరీస్‌లు వచ్చాయి. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోకే చేరింది. ఒక్కో ప్రాసెసర్‌కి మూడు డీడీఆర్3 ఛానళ్లు ఉంటాయి. రెండు ప్రాసెసర్ల మధ్య క్యూపీఐ అనే లింక్ ఉంటుంది. అన్నింటికీ మూలం 133.33 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్. దాని మీద నాలుగు నిష్పత్తులు నిలబడతాయి. ప్రాసెసర్‌ది ఒకటి, మెమరీది ఒకటి, చిప్‌లో ఎల్3 క్యాష్, మెమరీ కంట్రోలర్ ఉండే అన్‌కోర్ భాగానిది ఒకటి, క్యూపీఐది ఒకటి.

ఈ నాలుగింటినీ చేతికిచ్చిన డ్యుయల్ బోర్డుగా పేరు పడింది 2010లో వచ్చిన ఈవీజీఏ ఎస్ఆర్-2. ఇంటెల్ 5520 చిప్‌సెట్, 12 మెమరీ స్లాట్లు, మామూలు కేసుల్లో పట్టనంత పెద్ద సైజు. దాని మీద రెండు ఎక్స్5650లు పెట్టి, 1333 అని రాసి ఉన్న మెమరీ వాడుతున్నామనుకుందాం. ఎక్స్5650 మామూలు వేగం 2.66 గిగాహెర్ట్జ్. కోర్లన్నీ పనిలో ఉన్నప్పుడు టర్బో (ప్రాసెసర్ తనంతట తానే పెంచుకునే వేగం) మల్టిప్లయర్ 22, వేగం 2.93.

ఇప్పుడు బేస్ క్లాక్‌ని 160కి పెంచితే ప్రాసెసర్ 22 రెట్లతో 3.52 గిగాహెర్ట్జ్‌కి వెళ్తుంది. మెమరీని పాత నిష్పత్తి 10 మీదే వదిలేస్తే 1600 అవుతుంది, అది 1333 స్టిక్కుల తాహతుకి మించిన వేగం. నిష్పత్తిని 8కి దించితే 1280. స్టిక్ మీద రాసినదానికంటే కాస్త తక్కువే, కాబట్టి మెమరీకి అసలు ఓవర్‌క్లాకే లేదు. క్యూపీఐని మామూలు 48 మీద ఉంచితే సెకనుకు 7.68 గిగాట్రాన్స్‌ఫర్లు, చిప్ రేటింగ్ 6.4 మాత్రమే. 36కి దించితే 5.76, అదీ హద్దులోకి వస్తుంది. అన్‌కోర్‌కి ఒక నియమం ఉంది. 5500 సిరీస్‌లో అది మెమరీ వేగానికి కనీసం రెండింతలు ఉండాలి, 5600లో ఒకటిన్నర రెట్లు చాలు. 1280కి ఒకటిన్నర రెట్లంటే 1920. నిష్పత్తి 16 పెడితే 2560 వస్తుంది. అది కనీస హద్దు పైనే, చిప్ మామూలు అన్‌కోర్ వేగానికి కొంచెం కిందే. చివరికి ప్రాసెసర్ కోర్లు ఇరవై శాతం పెరిగాయి, మిగతా మూడూ రేటింగ్ దాటలేదు. తప్పు జరిగితే వెతకాల్సిన చోటు ఒక్కటే మిగులుతుంది. ఈ తరం ఓవర్‌క్లాకింగ్‌కి ఇంత ఆదరణ రావడానికి కారణం ఈ సౌలభ్యమే.

ఈ5620 లెక్క ఇంకా సులువు. దాని మల్టిప్లయర్ 18, వేగం 2.4 గిగాహెర్ట్జ్, మెమరీకి అధికారిక పరిమితి 1066, అంటే నిష్పత్తి 8. బేస్ క్లాక్‌ని 166.67 చేస్తే టర్బో లేకుండానే ప్రాసెసర్ సరిగ్గా 3 గిగాహెర్ట్జ్‌కి, మెమరీ సరిగ్గా 1333కి చేరతాయి. అంటే ఆ చిప్ అధికారికంగా వాడుకోలేని 1333 స్టిక్కులు తమ పూర్తి వేగంతో పనిచేస్తాయి. క్యూపీఐ 36 మీద 6.0 అవుతుంది. రేటింగ్ 5.86 కాబట్టి పెంపు రెండున్నర శాతం లోపే.

ఇదంతా బయోస్‌లో నిష్పత్తులు మార్చే వీలున్న బోర్డు సంగతి. సర్వర్ల కోసం, ఆఫీసు వర్క్‌స్టేషన్ల కోసం చేసిన 5520 బోర్డుల్లో బేస్ క్లాక్ మార్చే మెనూ సాధారణంగా ఉండదు. క్లాక్ చిప్‌ని సాఫ్ట్‌వేర్ గుర్తుపడితే కొంత కదుపుకోవచ్చు. అప్పుడు నిష్పత్తులు మారవు, నాలుగూ కలిసి పెరుగుతాయి. బయోస్‌లో మెమరీ వేగాన్ని బలవంతంగా 1066కి దించే ఆప్షన్ మాత్రం కొన్ని బోర్డుల్లో కనిపిస్తుంది. ముందు దాన్ని ఎంచుకుని, ఆ తర్వాత క్లాక్ పెంచితే మెమరీకి ఊపిరాడుతుంది. క్యూపీఐకి ఆ వెసులుబాటు కూడా దొరక్కపోతే ఆట అక్కడితో ముగుస్తుంది.

స్టిక్ మీది లేబుల్ ఏం చెబుతుంది

సెకండ్ హ్యాండ్ ర్యామ్ మీద ‘4జీబీ 2ఆర్ఎక్స్4 పీసీ3-10600ఆర్-9’ అని ఉంటుంది. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు (కలిసి పనిచేసే చిప్‌ల గుంపులు), ఎక్స్4 అంటే ఒక్కో చిప్ నాలుగు బిట్ల వెడల్పు. 10600 అంటే సెకనుకు సుమారు అన్ని మెగాబైట్లు, అంటే 1333 వేగం. చివరి ఆర్ రిజిస్టర్డ్ అని చెబుతుంది, 9 క్యాస్ లేటెన్సీ, అంటే అడిగిన డేటా రావడానికి పట్టే క్లాకుల సంఖ్య. పీసీ3ఎల్ అని ఉంటే అది 1.35 వోల్టులతోనూ నడుస్తుంది. ఆర్ అన్నవీ, ఆర్ లేని అన్‌బఫర్డ్ ఈసీసీ (తప్పులు దిద్దే) స్టిక్కులూ ఒకే మెషీన్‌లో కలవవు. సామర్థ్యం, వేగం ఒకటేనని చూసుకుని కొన్నాక మెషీన్ ఆన్ కాకపోవడానికి తరచూ కనిపించే కారణం ఇదే.

వేగం అంకె పెద్దదైతే మెమరీ త్వరగా స్పందిస్తుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. లెక్క వేసి చూస్తే అలా ఉండదు. 1066 వేగంలో ఒక క్లాక్ 1.875 నానోసెకన్లు. క్యాస్ 7 అయితే 13.1 నానోసెకన్లు. 1333లో క్లాక్ 1.5, క్యాస్ 9 అయితే 13.5. 1600లో 1.25, క్యాస్ 11 అయితే 13.75. మొదటి డేటా ముక్క కోసం ఎదురుచూసే సమయం మూడింటిలోనూ దాదాపు ఒకటే. వేగంతో పెరిగేది బ్యాండ్‌విడ్త్ మాత్రమే. పైన చూసిన 1280 వేగంలో క్యాస్ 9 పెడితే 14 నానోసెకన్లు, క్యాస్ 8 పెడితే 12.5. మెమరీ వేగం దించినప్పుడు టైమింగ్ కూడా ఒక మెట్టు దించడానికి ప్రయత్నించొచ్చు. స్టిక్ ఒప్పుకుంటే 1333తో పోల్చినా స్పందన సమయంలో నష్టం ఏమీ మిగలదు.

రెండు రకాల స్టిక్కులు కలిపితే బయోస్ అన్నింటినీ నెమ్మదైనదాని వేగానికి దించుతుంది. ఒక ప్రాసెసర్ పక్కన 1333 స్టిక్కులు, ఇంకోదాని పక్కన 1066 స్టిక్కులు పెడితే రెండు వైపులా 1066 మీదే నడుస్తాయి.

ఎక్కువ స్టిక్కులు, తక్కువ వేగం

ర్యామ్ ఎంత పెట్టామన్నదే కాదు, ఒక్కో ఛానల్ మీద ఎన్ని స్టిక్కులు ఉన్నాయన్నదీ వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒకే తీగల జత మీద స్టిక్కులు పెరిగేకొద్దీ విద్యుత్ భారం పెరుగుతుంది, సిగ్నల్ మసకబారుతుంది. అందుకే 5500 సిరీస్‌లో ఛానల్‌కి ఒక స్టిక్ ఉంటే 1333, రెండుంటే 1066, మూడుంటే 800. 5600 సిరీస్‌లో కొన్ని బోర్డుల మీద రెండు స్టిక్కులతో కూడా 1333 సాధ్యమైంది. నాలుగు ర్యాంకుల పెద్ద స్టిక్కులైతే భారం ఇంకా ఎక్కువ.

బ్యాండ్‌విడ్త్‌లోకి మార్చి చూస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. 1333 దగ్గర మూడు ఛానళ్లకు కలిపి ఒక ప్రాసెసర్‌కి సెకనుకు 32 గిగాబైట్లు. 800 దగ్గర 19.2 మాత్రమే. అంటే 18 స్లాట్ల బోర్డులో ఖాళీ ఉంది కదా అని చిన్న చిన్న స్టిక్కులతో అన్నీ నింపేస్తే నలభై శాతం పోయినట్టే. ఏ ఓవర్‌క్లాకింగూ ఆ లోటుని పూడ్చలేదు. 2 జీబీ స్టిక్కులు పద్దెనిమిది పెట్టే బదులు 8 జీబీ స్టిక్కులు ఆరు పెడితే మొత్తం 36 నుంచి 48 జీబీకి పెరుగుతుంది, వేగమూ తిరిగొస్తుంది. వీటికి రూపాయి ఖర్చు చేయడమే ఈ మెషీన్లలో అన్నిటికంటే సార్థకమైన ఖర్చు.

మూడు ఛానళ్లున్న ఒక్కో ప్రాసెసర్ పక్కన నాలుగు స్టిక్కులు పెట్టడం కూడా కనిపించే లోపమే. ఒక ఛానల్‌లో రెండు, మిగతావాటిలో ఒక్కొక్కటి ఉంటాయి కాబట్టి డేటాని మూడు ఛానళ్లకూ సమంగా పంచడం కుదరదు. మూడు లేదా ఆరు ఉండాలి, రెండు ప్రాసెసర్ల పక్కనా ఒకే అమరిక ఉండాలి.

రెండు ప్రాసెసర్లున్నప్పుడు బలహీనమైనదే లెక్క

ఒకే ప్రాసెసర్ ఉన్న బోర్డులో అదృష్టం బాగుంటే మంచి చిప్ దొరుకుతుంది. రెండున్నప్పుడు ఆ అదృష్టం రెండుసార్లు కలిసిరావాలి. రెండింటికీ క్లాక్ ఒకటే కాబట్టి ఒక చిప్ 180 దాకా తట్టుకున్నా ఇంకోటి 165 దగ్గర తడబడితే మెషీన్ హద్దు 165. స్టెప్పింగ్ (చిప్ డిజైన్ సవరణ నంబర్) కూడా ఒకటే ఉన్న జతగా కొనడం మంచిది. ఏది బలహీనమో తెలుసుకోవాలంటే మొదటి సాకెట్‌లో ఒక్కో చిప్‌నీ విడిగా పెట్టి పరీక్షించడమే మార్గం.

ఎల్‌జీఏ 1366 నుంచి ఇంకో అంశం తోడైంది. ప్రతి ప్రాసెసర్‌కీ సొంత మెమరీ ఉంటుంది. పక్క ప్రాసెసర్ దగ్గరున్న డేటా కావాలంటే క్యూపీఐ లింక్ దాటి వెళ్లాలి, ఆలస్యం ఒకటిన్నర రెట్ల దాకా అవుతుంది. ఒక వైపు స్లాట్లు ఖాళీగా ఉంచితే ఆ వైపు ప్రాసెసర్ ప్రతిసారీ పక్కింటి మెమరీ మీదే ఆధారపడుతుంది. క్యూపీఐని 48 నుంచి 36 నిష్పత్తికి దించినప్పుడు ఈ దారే కాస్త ఇరుకవుతుంది. వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్ లాంటి పనుల్లో ప్రతి కోర్ తన ముక్క తాను చేసుకుపోతుంది కాబట్టి ఈ నష్టం పెద్దగా తెలియదు. రెండు ప్రాసెసర్ల మధ్యా డేటా అటూ ఇటూ తిరిగే డేటాబేస్ పనుల్లో తెలుస్తుంది. ఆటలు చాలావరకు కొద్ది కోర్లనే వాడతాయి, వాటికి రెండో ప్రాసెసర్ వల్ల ఒరిగేది తక్కువ.

2012 తర్వాత ఎందుకు మూతపడింది

ఈ5-2600 సిరీస్‌తో ఈ దారి దాదాపు మూసుకుపోయింది. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ అయింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా దానితోనే ముడిపడి ఉండటంతో మూడు నుంచి అయిదు శాతం దాటితే గ్రాఫిక్స్ కార్డులు, డిస్క్ కంట్రోలర్లు మొరాయిస్తాయి. రెండు సాకెట్ల జియాన్లలో మల్టిప్లయర్‌కి తాళం అలాగే ఉంది. ఈవీజీఏ 2012లో ఎస్ఆర్-ఎక్స్ అనే డ్యుయల్ బోర్డు తెచ్చినా దాని మీద పెట్టే చిప్‌లు సహకరించలేదు. తర్వాత ఈ5-2600 వీ3 చిప్‌లలో, బయోస్ నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల దిద్దుబాటు) తీసేసి కోర్లన్నింటినీ అత్యధిక టర్బో వేగంతో నడిపించే పద్ధతి బయటపడింది. అది చిప్‌కి ముందే ఇచ్చిన వేగాన్ని పూర్తిగా వాడుకోవడం, బేస్ క్లాక్‌తో దానికి సంబంధం లేదు.

కొనేముందు ఈ పోలిక కూడా చూడాలి. ఈ5-2670 మొదటి తరం చిప్‌లో ఎనిమిది కోర్లు, నాలుగు ఛానళ్ల 1600 మెమరీ ఉన్నాయి. ఒక్కో ప్రాసెసర్‌కి 51.2 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్. ఎల్‌జీఏ 1366 మీద మెమరీని 1600 దాకా లాగినా వచ్చేది 38.4. మెమరీ మీద ఆధారపడే పని కోసమైతే ఓవర్‌క్లాక్ చేసిన పాత తరం కంటే ఏమీ చేయని తర్వాతి తరమే ముందుంటుంది.

కరెంటు, ఎండాకాలం

ప్రాసెసర్ వాడే కరెంటు వేగంతో నేరుగానూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం ఇరవై శాతం, వోల్టేజీ పది శాతం పెంచితే 1.2ని 1.21తో గుణించాలి, అంటే సుమారు 1.45 రెట్లు. 95 వాట్ల ఎక్స్5650 138 వాట్ల దగ్గరికి వెళ్తుంది. రెండింటికీ కలిపి 85 వాట్లు అదనం, పవర్ సప్లైలో పోయేదాన్ని కలిపితే గోడ దగ్గర వంద వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు నడిపితే నెలకి 24 యూనిట్లు. స్లాబుల్లో బిల్లు కట్టే ఇంట్లో ఇవి ఎప్పుడూ పై స్లాబులోనే పడతాయి.

వోల్టేజీ పెంచకుండా ఎంతవరకు వెళ్లగలమో అంతవరకే ఆగితే 1.45 బదులు 1.2 దగ్గరే నిలుస్తుంది. రోజూ వాడే మెషీన్‌కి ఇదే తగిన హద్దు. సర్వర్ బోర్డుల మీద వోల్టేజీ రెగ్యులేటర్లను ప్రాసెసర్ రేటింగ్‌ని దృష్టిలో పెట్టుకునే అమర్చారు, అదనంగా మోయడానికి వాటికి పెద్దగా వెసులుబాటు లేదు. 5520 చిప్‌సెట్ ఒక్కటే 27 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది.

ఏసీ లేని గదిలో జనవరిలో 25 డిగ్రీలుంటే మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 42 దాటుతుంది. కూలర్ తీసేసేది గది ఉష్ణోగ్రతకి పైనున్న వేడిని మాత్రమే. కాబట్టి ప్రాసెసర్, రెగ్యులేటర్లు, స్టిక్కులు అన్నీ ఆ 17 డిగ్రీలూ అదనంగా మోస్తాయి. చలికాలంలో పరీక్షించి ఖాయం చేసుకున్న సెట్టింగులు ఎండల్లో ఎందుకు నిలబడలేదో అర్థంకాక బయోస్ మీద నెపం వేసేవాళ్లు చాలామంది. తెలుగు ప్రాంతాల్లో ఈ మెషీన్లను ఏప్రిల్-మే నెలల్లో పరీక్షించిన తర్వాతే నమ్మాలి.

ఈసీసీ దాచిపెట్టే తప్పులు

మామూలు డెస్క్‌టాప్‌లో మెమరీ హద్దు దాటితే ప్రోగ్రాములు మూతపడతాయి, బ్లూ స్క్రీన్ వస్తుంది. సర్వర్ బోర్డులో అలా జరగదు. ఈసీసీ మెమరీ ఒక బిట్ తప్పుని అక్కడికక్కడే దిద్దేస్తుంది, రెండు బిట్లు తప్పితే మెషీన్‌ని ఆపేస్తుంది. కాబట్టి గంటల తరబడి పరీక్ష పాసైందంటే మెమరీ బాగున్నట్టు కాదు. లోపల వేల తప్పులు దిద్దుబాటు అవుతూ ఉండవచ్చు, ఏదో ఒకరోజు ఒకే చోట రెండు బిట్లు తప్పి మెషీన్ ఆగిపోవచ్చు.

దీన్ని కనిపెట్టడానికి లెక్క చూసే వీలు ఉంది. లైనక్స్‌లో ఎడాక్ (EDAC) డ్రైవర్ ప్రతి ఛానల్‌లో ఎన్ని తప్పులు దిద్దిందో చూపిస్తుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి వీయా (WHEA) పేరుతో ఉన్న హార్డ్‌వేర్ ఎర్రర్లు వెతకాలి. చాలా సర్వర్ బోర్డుల బయోస్‌లోనూ సిస్టమ్ ఈవెంట్ లాగ్ ఉంటుంది. పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ లాగ్ ఖాళీ చేసి, మామూలు వేగంలో ఒక రోజు నడిపి, ఆ తర్వాతే క్లాక్ పెంచాలి. మామూలు వేగంలోనే తప్పులు కనిపిస్తే అది ఓవర్‌క్లాకింగ్‌కి సంబంధం లేని పాత లోపం. ఏళ్ల తరబడి డేటా సెంటర్‌లో నడిచిన స్టిక్కుల్లో ఇది కొత్తేమీ కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతీ ముందే చూసుకోవాలి. విండోస్ హోమ్ ఎడిషన్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది, రెండో ప్రాసెసర్ ఉన్నట్టే దానికి తెలియదు. ప్రో ఉండాలి. విండోస్ 11 అధికారికంగా ఈ ప్రాసెసర్లలో దేన్నీ ఒప్పుకోదు. 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు తప్పనిసరి కావడంతో ఎల్‌జీఏ 771 జియాన్ల మీద అది అసలు బూట్ కాదు. ఎల్‌జీఏ 1366 చిప్‌లలో ఆ ఆదేశాలు ఉన్నాయి. లైనక్స్‌కి ఈ ఇబ్బందులేవీ లేవు, తప్పుల లెక్క కూడా అందులోనే స్పష్టంగా కనిపిస్తుంది.

క్లాక్ పెంచాక ఒకే ఛానల్‌లో దిద్దుబాట్లు పెరుగుతుంటే ఆ స్టిక్‌ని పక్క ఛానల్‌లోని స్టిక్‌తో మార్చి మళ్లీ నడపాలి. తప్పులు స్టిక్ వెంట వెళ్తే స్టిక్‌ని మార్చాలి. తప్పులు పాత ఛానల్‌లోనే ఉండిపోతే లోపం ప్రాసెసర్ మెమరీ కంట్రోలర్‌దో, సాకెట్ పిన్నులదో అయి ఉంటుంది. అప్పుడు మెమరీ నిష్పత్తిని ఒక మెట్టు దించడం తప్ప ఆ జతతో ఇంకా పైకి వెళ్లే దారి లేదు.